మాఘ పౌర్ణమినాటి తాబేలు

ఆ ఏడు మాఘ పౌర్ణమికి అత్తగారితో కలిసి తెనాలి నుంచి బాపట్ల వెళ్లి, సూర్యలంకలో సముద్రస్నానం చేశాను. తెల్లవారుతుండగా ఒడ్డున ఇసుకలో దీపాలు వెలిగించుకున్నాం. అంతలో ఒక పెద్ద తాబేలు నీళ్లలోంచి వచ్చి మావైపే పాకసాగింది.

"కూర్మావతారం!" అంటూ ఆడవాళ్లు పసుపు కుంకుమలతో చుట్టూ మూగారు. నేనూ దీపం పట్టుకుని వెళ్లాను. తాబేలు ఆగిపోయి, తల సముద్రం వైపు తిప్పింది.

తాబేలు గుడ్లకు కాపలా ఉండే అటవీశాఖ మనిషి పరుగున వచ్చాడు. "గుడ్లు పెట్టడానికొచ్చిందమ్మా. వెలుగు చూస్తే బెదిరి వెనక్కెళ్లిపోద్ది. దీపాలు తీసేయండి, దూరం జరగండి" అని బతిమాలాడు.

నేను పువ్వుతో నా దీపం కొండెక్కించాను.

"పర్వదినాన చేజేతులా దీపం ఆర్పే కోడలు దొరికింది నాకు!" అన్నారు అత్తగారు.

"స్వామే వచ్చాడంటున్నారు కదా అత్తయ్యా, ఆయన పని ఆయన్ని చేసుకోనిద్దాం."

ఆవిడ తాబేలు వైపు ఓసారి చూశారు. తర్వాత తన దీపం మీదా ఒక చామంతి పెట్టి, "దణ్ణమన్నా పెట్టుకోవచ్చా నాయనా?" అని అతన్ని అడిగారు.

"పెట్టుకోండి మామ్మగారూ, అక్కణ్ణుంచే."

మిగతావాళ్లూ ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. తాబేలు చాలాసేపు కదల్లేదు. ఆ తర్వాత మెల్లగా ఒడ్డెక్కి, వెనక కాళ్లతో ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. ఆ గుడ్లను కంచె వేసిన చోట పూడ్చి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతామని అతను చెప్పాడు.

ఆ రోజు మా పూజ సగంలోనే ఆగింది. ఆగనిచ్చినందుకు స్వామికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.