గడప కింద మా శాసనం

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. మా దొరల గడి కూలిందీ, భూములు పోయిందీ మనుషుల వల్లే గాని ఏ దయ్యం వల్లా కాదు. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మాది బిజినేపల్లి దగ్గర ఊరు. కాకతీయుల నాటి శివాలయం చుట్టూ పుట్టిన ఊరది. గుడిలో దీపం ఆరకూడదని మా పూర్వీకుడు భూమి ఇచ్చి, ఆ మాట రాతి మీద చెక్కించాడు. పైన ఆయన పేరు, వంశం పేరు. అడుగున శాపం: ఈ ధర్మాన్ని చెరిపినవాడికి గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపం తగులుతుందని. ఆ పాత లిపిని మా నాయన నా చేత వేలు పెట్టి చదివించేవాడు.

ఊళ్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. గుడి ప్రహరీ కూలి శాసనం బయట పడి ఉంది. కొత్త ఇల్లు కడుతున్న బాలకిష్టయ్య దాన్ని గడపకు తెచ్చుకున్నాడు. వాళ్ల నాయన మా పొలం కౌలుకు చేసినవాడు. గృహప్రవేశానికి ముందురోజు వెళ్లి, రాయి తిరిగి గుడికి పంపమన్నాను.

"గుడికాడ దానిమీద కుక్కలు పండుకుంటుండె దొరా. ఈడైతే రోజూ పసుపు కుంకుమ పెడ్తం," అన్నాడు. మేస్త్రీ వైపు తిరిగి నవ్వాడు. "గడి మొత్తం పోతే అడగనోడు, గీ ఒక్క రాయికి వచ్చిండు సూడు మల్లయ్యా!"

నేను వంగి పేరు మీద చెయ్యి పెట్టాను. అక్షరాలు లోతుగా ఉన్నాయి. మల్లయ్య నా కళ్లముందే చెక్కిన వైపు కిందకు తిప్పి సిమెంటులో కూర్చోబెట్టాడు. ఈ బాలకిష్టయ్య ఇంట దీపం వెలగకూడదని మనసారా కోరుకున్నాను. అది దాచవలసిన పని లేదు.

మర్నాడు పిలిచారు, వెళ్లాను. బాలకిష్టయ్య భార్య లక్ష్మమ్మ దీపం పట్టుకొని గడప దాటింది. ఆరిపోయింది. గాలి లేదు, వాకిట్లో మామిడాకు కూడా కదలడం లేదు. వత్తి మార్చారు, నూనె మార్చారు. ఇవతల నిలకడగా వెలిగేది, అవతల అడుగు పెట్టగానే ఆరిపోయేది.

లక్ష్మమ్మ నా దగ్గరికి వచ్చింది. "దండం బెడ్త దొరా. ఆ రాతి మీద ఏముందో జర చెప్పుండ్రి."

చెప్పాను. నిదానంగా, అందరికీ వినబడేట్టు, శాపం మొత్తం. బాలకిష్టయ్య ముఖం పాలిపోయింది. అంత తృప్తి నాకు మళ్లీ ఎన్నడూ దొరకలేదు.

"గడ్డపార తే మల్లయ్యా. తీసెయ్," అన్నాడు.

సిమెంటు ఇంకా గట్టిపడలేదు. రాయిని తిరగేసి నీళ్లు పోశారు. శాపం అక్షరం పోకుండా ఉంది. పైన పేరు ఉండవలసిన చోట రాయి నూరినట్టు నున్నగా ఉంది.

"నా బిడ్డల మీద ఒట్టు, ఉలి ముట్టియ్యలే," అన్నాడు మల్లయ్య. "నిన్న అచ్చరాలు నేన్గూడ సూస్తి."

బాలకిష్టయ్య వంగి రాయంతా వెదికాడు. ఈసారి గొంతులో వెక్కిరింపు లేదు. "మీ పేరు ఏడుంది దొరా?"

లోపల లక్ష్మమ్మ మళ్లీ ముట్టించిన దీపం వెలుగుతోంది.

రాయి ఆ రోజే గుడికి చేరింది. పేరు అక్షరాల్లో సిమెంటు పట్టిందేమోనని నేనే పుల్లతో గీకి చూశాను. ఒట్టి రాయి. చూడవచ్చినవాళ్లకు పూజారి చెబుతుంటాడు: "ఎవరిచ్చిండ్రో తెల్వదు. తీసినోనికి మాత్రం పాపమంట."

నేను పక్కనే నిలబడి వింటాను. ఒక్క రాత్రిలో ఆ పేరు ఎలా పోయిందో నాకు అంతుపట్టలేదు. ఆ శాసనం మాదని చెప్పుకోవడానికి ఇక చూపించేదేమీ లేదు.