అమ్మోరి పొక్కు, రంగం ఓడ

టీకాలాయన సంతలోకి వచ్చాడంటే మా వైపు ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని చెరకుతోటల్లోకి పరిగెట్టేవారు. వంకాయలమ్మే మనిషి తట్ట తట్టలాగే వదిలేసి మాయమైపోయేది. మా అమ్మ నన్నూ చిన్నప్పుడు అలాగే దాచింది, అందుకే నా జబ్బ మీద మచ్చన్నది లేదు. అలాంటిది ఆ రోజు సంతలో, ఊరంతా ఇటు పారిపోతుంటే, నేను ఆయన సైకిలు వెనకాల అటు పరిగెట్టాను.

"బాబూ, ఆగండి! నాకు టీకా ఎయ్యండి."

ఆయన సైకిలు దిగి, నా వెనక ఎవరైనా నవ్వుతున్నారేమోనని చూశాడు. ఆయన ఉద్యోగంలో ఆయన్ని తరుముకొచ్చిన మనిషి నేనొక్కదాన్నే అయి ఉంటాను.

"నీకా? ఇంట్లో తెలుసా?"

"తెలీదు. తెలిసేలోగా బేగి ఎయ్యండి."

ఎందుకంత తొందరో చెప్తాను. రంగూన్‌ని మా వాళ్ళు రంగం అంటారు. శ్రీముఖలింగానికి దిగువన వంశధార ఒడ్డు ఊళ్ళలో రంగం వెళ్ళిన మగవాడు లేని ఇల్లు ఉండేది కాదు. మా ఆయన కూడా అక్కడ బియ్యం మిల్లులో పనిచేసేవాడు. యుద్ధంలో అక్కడ బాంబులు పడితే అడవులమ్మట నడిచి, ఎముకల గూడై ఇంటికొచ్చాడు. ఆ వచ్చినప్పుడే మా పెళ్ళి. యుద్ధం ఆగగానే మిల్లు తెరిచారని కబురొచ్చింది, వెళ్ళిపోయాడు. "నిన్ను వెంటనే పిలిపిస్తాను" అన్నాడు. ఆ వెంటనే అన్న మాట మీద రెండు వరికోతలు అయిపోయాయి.

పక్కింటి పిన్ని నీళ్ళ దగ్గర ఊరుకునేది కాదు. "రంగంలో మొగోడు ఉట్టినే కూకుంటాడేటే? ఆ పాటికి అక్కడో కుంపటి ఎలిగించేసుంటాడు" అనేది.

"ఎలిగిస్తే ఎల్లి ఆర్పుతాను, నీకెందుకే?" అనేదాన్ని. అనేదాన్నే గానీ, ఇంటికొచ్చి బిందె దించి, ఆయన వెళ్ళి ఎన్నాళ్ళయిందో మళ్ళీ లెక్కెట్టుకునేదాన్ని.

చివరికి పర్మిట్టు వచ్చింది. యుద్ధానికి ముందు టికెట్టు కొనుక్కుని ఓడెక్కేస్తే సరిపోయేది. ఇప్పుడు అక్కడివాళ్ళు ఒప్పుకుంటేనే కాలు పెట్టాలట. పర్మిట్టుకి గడువు ఉంది, ఆ గడువులోపల విశాఖపట్నం రేవు నుంచి వెళ్ళే ఓడ ఒక్కటే ఉంది. మా ఆయన ఉత్తరాన్ని నేనే కూడబలుక్కుని చదివాను. నాకు రెండో తరగతి చదువు. "టీకా వేయించుకో. పొక్కు లేచిన చెయ్యి రేవులో డాక్టరు చూసి ముద్ర వేస్తేనే ఎక్కనిస్తారు. ఈ పర్మిట్టు పోతే ఇంకొకటి వస్తుందో రాదో చెప్పలేను" అని రాశాడు.

మా అత్త నాకు మేనత్త కూడా. చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన చెయ్యే, పెళ్ళయ్యాక నా నెత్తిన మొట్టింది. ఉత్తరం విని, "టీకా గీకా ఒద్దు. నల్లజీడి రాసుకో" అంది.

నల్లజీడి అంటే చాకలివాళ్ళు బట్టలకి గుర్తు పెట్టే గింజ. దాని రసం ఒంటికి తగిలితే బొబ్బెక్కి మచ్చ పడిపోతుంది. టీకాకి భయపడేవాళ్ళు ఆ మచ్చనే చూపించి ఓడలెక్కేసేవారు.

"దొంగ మచ్చ నానొల్లను" అన్నాను. "పట్టుకుంటే ఎనక్కి తోలేస్తారు."

"మన ఊరోల్లు ఎంతమంది ఎల్లలేదు? అమ్మోరిని సూది మొనతో ఒంట్లోకి పిలుస్తావేటే గుంటా?"

అక్కడుంది అసలు సంగతి. మా ఆయన కంటే ముందు పుట్టిన ఇద్దరు పిల్లల్ని మా అత్త మశూచికంలో పోగొట్టుకుంది. ఆ మాట ఆవిడ ఎప్పుడూ ఎత్తేది కాదు. టీకాల సైకిలు గంట వినబడితే మాత్రం తలుపు గడియ పెట్టేసేది. నాకు అది తెలుసు. తెలిసే, ఆవిడకి చెప్పకుండా సంతకి వెళ్ళాను.

టీకాలాయన జబ్బ మీద నాలుగు చోట్ల గీసి, మందు రాసి, చీటీ రాసిచ్చాడు. "ఈ చీటీ ఒక్కటే చాలదమ్మా. పొక్కు లేవాలి. గోకొద్దు, దానిమీద ఏమీ పూయొద్దు" అన్నాడు.

పొక్కులు లేచాయి. ఎలా లేచాయనుకున్నారు, ద్రాక్షపళ్ళలా లేచాయి. జబ్బ వాచింది, ఒళ్ళు కాగిపోయింది, పైటకొంగుతో దాచిన చెయ్యి దాగలేదు. మా అత్త చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా ఎదురుగా నేల మీద కూచుని, నాకు కాదు, నా చేతికి దండం పెట్టింది. "వొచ్చేసేవా తల్లీ" అంది.

అంతే, ఆ క్షణం నుంచి మా ఇల్లు అమ్మవారున్న ఇల్లయింది. గుమ్మానికి వేపమండలు కట్టింది. పోపు మానేసింది. చాకలికి బట్టలు వేయలేదు. నా జబ్బకి వేపాకూ పసుపూ నూరి మందంగా పట్టించింది. నేను వద్దంటే వినే మనిషి కాదు. అంతవరకూ నేనూ ఊరుకున్నాను. కానీ అమ్మవారు ఒంటి మీదున్న మనిషి మూడుసార్లు నీళ్ళు పోసుకునేదాకా ఊరి పొలిమేర దాటకూడదు, ఏరు అసలే దాటకూడదు. ఆ మూడు నీళ్ళూ అయ్యేసరికి ఓడ వెళ్ళిపోతుంది.

"ఎల్లిపోతే ఎల్లిపోనీ" అంది మా అత్త. "మరో ఓడ వొస్తాది."

"ఓడ వొస్తాది, పర్మిట్టు రాదు. ఇది అమ్మోరు కాదత్తా, టీకాలాయన గీసిన గాటు."

"గాటులోంచే వొచ్చింది. సూత్తన్నాను కదా, నాకు కళ్ళు లేవేటి? నాకీ పొక్కు తెలవదేటే? ఇద్దరి ఒంటిమీద సూసేను."

కానీ ఆవిడ దుఃఖం ఆవిడది, నా కాపురం నాది. ఆవిడకి భయం ఉందని నేను జన్మంతా ఆ గుమ్మం లోపల కూర్చోవాలా? అరుగు మీద తాడు పేనుకుంటున్న మా మావ దగ్గరికి వెళ్ళాను.

"మావా, బండి కడతావా, కట్టవా?"

ఆయన తాడు వైపే చూస్తూ, "మీ అత్తనడుగు" అన్నాడు.

"అడగను. నడిచి పోతాను."

"ఇంత జ్వరంలోనా?"

"జ్వరం నాకు, నీకు కాదు కదా."

తెల్లారాక రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని బయల్దేరాను. ఒక చెయ్యి పైకెత్తలేను, రెండో చేత్తోనే పట్టుకున్నాను. వీధిలో పక్కింటి పిన్ని కళ్ళాపి చల్లడం ఆపి, "అమ్మోరితో ఏరు దాటుతావేటే, ఊరికి అరిష్టం" అంది. "ఊరికి అరిష్టమైతే నాతోపాటే తీసుకుపోతన్నాను, సంతోషించు" అన్నాను. పొలిమేర రాయి దగ్గర ఆగలేదు. ఏట్లో నీళ్ళు మోకాలు లోతే ఉన్నాయి, దిగేశాను. నిజం చెప్పొద్దూ, నడిమధ్యలో ఒళ్ళు ఝల్లుమంది. వణికింది జ్వరానికో భయానికో తేల్చుకోలేదు. వణుకుతూనే నడిచాను.

అవతలి ఇసకలోకి ఎక్కేసరికి వెనకాల ఎద్దుల గంటలు. మా మావ బండి తోలుకొస్తున్నాడు. బండిలో మా అత్త! నా వైపు వీపు పెట్టి కూచుంది. రైలు స్టేషను దాకా అలాగే కూచుంది. రైల్లోనూ కిటికీకే మొహం. కానీ ఎవరైనా నా జబ్బకి తగలబోతే మాత్రం, "దూరం, దూరం!" అని మోచెయ్యి అడ్డం పెట్టేది.

రేవులో ఓడెక్కే చోట తాడు కట్టి, ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నారు. మా అత్తా మావా తాడు బయటే ఉండిపోయారు. డాక్టరు బల్ల వేసుకుని కూచున్నాడు, పక్కన దూది పట్టుకుని కాంపౌండరు. నా ముందున్నాయన జబ్బ మీద నల్లటి మచ్చ ఉంది. డాక్టరు వేలితో రుద్ది చూసి, "నల్లజీడి. వెనక్కి" అన్నాడు. ఆయన బతిమాలాడు, ఆయన తల్లి కాబోలు, ఒకావిడ ఏడ్చింది. ఫలితం లేదు.

నా వంతు వచ్చింది. చీటీ చూపించాను. ఆయన నా జబ్బ చూసి మొహం చిట్లించాడు.

"ఏమిటీ పేడా పిడకా? దీనికింద ఏం దాచావు?"

"ఏం దాచలేదు బాబూ. టీకా."

"తుడవ్వోయ్" అన్నాడు కాంపౌండరుతో.

తాడు అవతలనుంచి మా అత్త కేక. "ఒరే నాయనా, సెయ్యెయ్యకురా! నీళ్ళు పొయ్యలేదింకా! దండం పెడతానురా!"

డాక్టరు నవ్వాడు. "ఈ పల్లెటూరి మూఢత్వం ఎప్పుడు పోతుందో" అన్నాడు. కాంపౌండరూ నవ్వాడు. వరసలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

అంతదాకా ఆవిడతో పోట్లాడినదాన్ని నేనే. అయినా ఆ నవ్వు నాకు కాలింది.

"నవ్వకండి బాబూ. ఆవిడ కన్నపిల్లలు ఇద్దరు ఈ పొక్కుతోనే పోయారు. మీ టీకా వాళ్ళ పొద్దుకి మా ఊరు రాలేదు. వొచ్చుంటే ఆవిడ ఈ వేళ మీకు దండం పెట్టును" అన్నాను. కాంపౌండరు చెయ్యి ముందుకొస్తే, "నువ్వుండు" అని పక్కకి తోశాను. "నా సెయ్యి నేను తుడుచుకోగలను."

మా అత్త వైపు చూడలేదు. చూస్తే ఆగిపోదును. కొంగు తడుపుకుని ఎండిన పసుపు మీద అద్దాను. పట్టు ఊడుతుంటే ప్రాణం పోయింది. పళ్ళు బిగించి తుడిచాను. నాలుగు పొక్కులూ ఎర్రగా, నిండుగా బయటపడ్డాయి.

డాక్టరు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. ఇంక నవ్వలేదు. రుద్దనూ లేదు. చీటీ వెనక ముద్ర కొట్టి, "వెళ్ళమ్మా" అన్నాడు.

ముద్ర పడ్డాక తాడు దాకా తిరిగి వెళ్ళనివ్వలేదు. వెనకవాళ్ళు తోస్తున్నారు, పెట్టె ఎవరో ముందుకి విసిరేశారు. ఓడ మెట్ల మీద సగం దాకా ఎక్కాక తిరిగి చూశాను. మా మావ తువ్వాలు ఊపుతున్నాడు. మా అత్త తాడు దగ్గర జవానుతో కలబడుతోంది. శపిస్తుందేమో అనుకున్నాను. అడ్డొచ్చిన జవాను చేతికింద నుంచి తల పెట్టి, రేవంతా వినపడేలా అరిచింది.

"ఒసే! గోకకే! పక్కు దానంతటదే రాలాలి! నా కొడుక్కీ సెప్పు, నిన్ను గోకనివ్వద్దని!"

ఓడ మీదున్న జనమంతా నా వైపు చూశారు. సిగ్గుపడే తీరిక నాకు లేదు.

"గోకనత్తా!" అని అంతకంటే గట్టిగా అరిచి, మిగిలిన మెట్లు ఎక్కేశాను.