గాలి గొట్టానికి కట్టిన వల గుడ్డ

నాకు కుదురు తక్కువ. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు గానీ దాచినా దాగదు. కోట అనే ఊరి దగ్గర మేం రొయ్యలు పెంచుతాం. మేం అంటే ఆ రోజుల్లో నా దృష్టిలో నేనే. మా ఆయన బడిలో తెలుగు పాఠాలు చెబుతారు, ఖాళీ దొరికితే గుంటల దగ్గరికి వచ్చి నేను చెప్పిన పని చేస్తారు. ఒకసారి తెల్లవారుజామున కరెంటు పోయింది, జనరేటరు మొండికేసింది. నేను ఊళ్లోంచి చేరేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలుతున్నాయి. నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే వాటికి ఊపిరాడదు. పంటంతా పోయింది. అప్పటినుంచి ఫోను దిండు కింద పెట్టుకుని, నిద్ర పట్టీ పట్టకుండా గడిపేదాన్ని.

ఆ తర్వాతి పంట చేతికి వచ్చాక అందరూ పికప్ బండి కొనుక్కోమన్నారు. నేను చెన్నై వెళ్లి రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారొకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నాను. గుంటల దగ్గరికి తొందరగా చేరొచ్చని ఇంట్లో చెప్పాను. అది సగమే నిజం, మిగతా సగం మోజు. మా వాళ్లలో కొత్త బండి ఏది వచ్చినా ముందు ప్రార్థన చేయించాలి కాబట్టి, పాస్టరు గారు బోనెట్ మీద చెయ్యి వేసి ప్రభువుకు అప్పగించారు. కళ్లు తెరిచాక, "వెనక సీట్లో ఎవురు కూర్చుంటారమ్మా, పిల్లులా?" అని అడిగారు.

కొన్నాళ్లు సంతోషంగానే తిరిగాను. తర్వాత తెలిసింది, నాది కింది రకమట. ఇదే కారులో పై రకం ఉంది, దాని పవర్ చాలా ఎక్కువ. చిత్రమేమిటంటే రెండింటిలోనూ ఇంజిన్ ఒకటే. ఇక నాకు తిండి సహించలేదు. హైవే మీద లారీని దాటుతున్నప్పుడల్లా, ఇంకా ఉంది, కింద ఎక్కడో తొక్కిపెట్టి ఉంచారు అనిపించేది. నాది కానిది కావాలంటే అది అత్యాశ. నా బండిలో ఉన్నదే నాకివ్వకపోతే ఒళ్లు మండదా?

చెన్నైలో ఇలా తొక్కిపెట్టిన పవర్‌ను బయటికి తీసే షెడ్డు ఒకటి దొరికింది. అక్కడి మెకానిక్ మా సూళ్లూరుపేట వైపు మనిషే. "ఇంజిన్‌కి రోగం లేదక్కా. లోపలుండే కంప్యూటర్లో ఇంతే చాలని రాసి పెట్టుండారు. అది మారుస్తా. గాలి బాగా పీల్చేదానికి ఫిల్టర్ డబ్బా తీసేసి ఓపెన్ ఫిల్టర్ పెడతా" అన్నాడు. గాలి పెరిగితే బలం పెరుగుతుందన్న మాట నాకు వేరే వాళ్లు విప్పి చెప్పాలా? అదే నా బతుకుతెరువు. సరే అన్నాను.

తిరిగి వస్తుంటే కారు నిజంగానే ఎగిరింది. తడ దాటేదాకా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. ఇంటికి రాగానే మా ఆయన చుట్టూ తిరిగి చూసి, "దీనికి పవర్ పెంచినావు సరే, ముందర పొయ్యే బర్రెలకి ఎవురు పెంచుతారు?" అన్నారు. పెరిగిన పవర్‌కు విడిగా ప్రార్థన చేయిద్దామా అని కూడా అడిగారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఒక సాయంత్రం గుంట గట్టు మీద బోనెట్ ఎత్తి చూస్తే, కొత్త ఫిల్టర్ ముందు ఏ అడ్డూ లేకుండా బోసిగా కనిపించింది. గట్టు మీద సున్నం దుమ్ము, దీపాల చుట్టూ పురుగులు. మా పనిలో గుంటలోకి వచ్చే నీళ్లు చుక్క కూడా వల గుడ్డలోంచి కాకుండా దిగవు. లేకపోతే చేప గుడ్లు, పీత పిల్లలు దూరి పంట పాడుచేస్తాయి. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? మంచి సన్న గుడ్డ ఏరి, రెండు పొరలుగా ఆ ఫిల్టర్‌కు తొడిగి, తాడుతో గట్టిగా బిగించాను. తెలివైన పని చేశానని ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తిన్నాను.

మర్నాటి నుంచి కారు కాస్త మందగించింది. మెకానిక్ మోసం చేశాడని ఫోన్లో తిట్టాను. "తీసుకోని రా అక్కా, చూస్తా" అన్నాడు. అంత తీరిక నాకెక్కడిది?

ముసురు పట్టిన ఒక ఆదివారం ఆరాధన మధ్యలో ఫోను వణికింది. గుంటల కాపలాదారు. "అక్కా, కరెంటు పోయింది. జనరేటరు స్టార్ట్ అవడంలా. రొయ్యలు పైకొస్తా ఉండాయి." మబ్బు రోజుల్లో నీళ్లలో గాలి అసలే తక్కువ. సండే స్కూలు కోసం ముందుగా స్కూటర్ మీద వచ్చిన మా ఆయన నా వెనకే బయటికి వచ్చారు. కారెక్కమన్నాను. "నువ్వు పో, నేను కాలవ గట్టున అడ్డదోవలో వస్తా" అన్నారు. వాదించే సమయం కాదు.

ఊరు దాటి, ఇన్నాళ్లూ దేనికోసం పవర్ పెంచుకున్నానో ఆ క్షణం వచ్చిందనుకుని గట్టిగా తొక్కాను. కారు ముందుకు పోలేదు. వాన నీళ్లు బోనెట్ కిందికి చిమ్ముతున్నాయి. ఇంజిన్ గురగురమంది, వెనక నల్లటి పొగ, ఎదురుగా మీటర్ల మధ్య పసుపు హెచ్చరిక లైటు. ఎద్దుబండి నడక కూడా రావడం లేదు. ఏడుపొచ్చింది. వానలో దిగి బోనెట్ ఎత్తాను. తడిసిన వల గుడ్డ ఫిల్టర్‌కు అతుక్కుపోయి ఉంది. సందు లేదు. ఏ నీళ్లలో గాలి తగ్గినా గట్టు మీద నుంచే పసిగట్టే నేను, నా చేతులతో నా ఇంజిన్ ముక్కూ నోరూ మూసి, తాడు కూడా బిగించాను! పళ్లతో ముడి కొరికి పీకి పారేశాను. మళ్లీ స్టార్ట్ చేస్తే చెన్నై నుంచి వచ్చిన రోజులాగే పైకి లేచింది. అయినా చాలా ఆలస్యమైంది. అప్పుడు పంట పోయిన నాటి గుంటే కళ్ల ముందు కనిపిస్తోంది.

గట్టు మలుపులో కారాపి అద్దం దించాను. ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు. నమ్మకం కుదరక నీళ్ల దాకా పరుగెత్తాను. రొయ్యలు అడుక్కి దిగిపోయాయి.

జనరేటరు షెడ్డు ముందు మా ఆయన. ఆదివారం తెల్ల చొక్కా నిండా డీజిల్.

"ఎట్ట స్టార్ట్ చేసినారు?" అన్నాను.

"డీజిల్ పైపులో గాలి చేరింది. వదులు చేసి, గాలంతా పొయ్యిందాకా వదిలి బిగించినా."

"మీకెట్ట తెలుసు?"

ఆయన చేతులు తుడుచుకుంటూ నా వైపు చూశారు. "నువ్వు ఆ పైపు బిగించేటప్పుడల్లా పక్కన టార్చి పట్టుకొని నిలబడింది ఎవురుమే?"

సిగ్గేసింది, కాస్త కోపం కూడా వచ్చింది, ఆ రెండింటికన్నా ఎక్కువగా ఒళ్లంతా బరువు దిగినట్టయింది.

కారు ఇప్పటికీ ఉంది. పవర్ తగ్గించలేదు, తగ్గించను కూడా. కానీ ఆ రోజు పడుకునే ముందు దిండు కింది ఫోను తీసి, ఆయన తల దగ్గర పెట్టాను.