పసుపు ముఖం వెనక నల్లగొంగడి

సిద్దిపేటలో మా ఇంటి ముందుగదే మా నాన్న, బాపు, ఫోటోలు తీసే గది. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, గోడకు తెల్లగుడ్డ, దాని ముందు ఒక స్టూలు. తోటలు, మేడలు గీసిన తెరలు బాపుకు నచ్చవు. వెనక ఏమీ లేకుంటేనే మనిషి కనబడతాడనేవాడు. నేను చీకటిగదిలో ఫోటో పడిన గాజు ప్లేట్లను మందునీళ్ళలో కడిగేదాన్ని. ప్లేట్ల పెట్టెల్లో వచ్చే, ఫోటో తీసే పద్ధతులు రాసిన ఇంగ్లీషు కాగితాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేదాన్ని. ఆ గది నాకు సరిపోయింది. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పని లేదు.

రెండో ప్రపంచయుద్ధం రోజులు. ప్లేట్లు దొరకడమే గగనంగా ఉండేది. ఒక పొద్దున తొగుట నుంచి ఎడ్లబండి మీద ఒక అత్త, కోడలు, చంటిపిల్లవాడు వచ్చారు. కోడలి భర్త బొంబాయి మిల్లులో పనిచేస్తున్నాడు. కొడుకును ఇంకా కళ్ళచూడలేదు. మరునాడు మరిది సిద్దిపేట మీదుగా బొంబాయికి బయలుదేరుతున్నాడు, అతని చేత ఫోటో పంపాలి. కోడలికి ఒకటే పట్టింపు. పిల్లవాడి చెవి అచ్చం తండ్రి చెవిలా పైన మడతపడి ఉంటుంది. అది కనబడాలి.

ఫోటో కదా అని అత్త కోడలి ముఖానికి పసుపు దట్టంగా పూసి తెచ్చింది. మా ప్లేట్ల మీద పసుపు నల్లగా పడుతుంది. బాపు నేలకేసి చూస్తూ, ముఖం కొంచెం కడుక్కుంటే మంచిదన్నాడు.

"పసుపు కడుక్కోమంటవా? నా కొడుకు సల్లగున్నడు," అన్నది అత్త.

బాపు ఆ పసుపుతోనే ఫోటో తీశాడు. పరాయి మగవాడి ముందు కోడలు తల పైకెత్తలేదు. పిల్లవాడు ఏడుస్తూ తల తిప్పుతూనే ఉన్నాడు. ప్లేటు కడిగి, నలుపు తెలుపులు తిరగబడకుండా కనబడేలా నల్లగుడ్డ మీద పెట్టి చూపించాను. తెల్లని గోడ ముందు తల్లి ముఖం బొగ్గులా ఉంది, పిల్లవాడి తల పొగలా ఉంది.

"గిది నా కోడలు గాదు, పొయ్యిల కట్టె," అని అత్త నవ్వింది. కోడలు నవ్వలేదు. ఆ పొగలో చెవి కోసం వెతుకుతోంది.

ఇంకొక్క ప్లేటే మిగిలింది. బాపు వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగుతుంటే ఆయన వెనకే వెళ్ళాను.

"పిలగాడు పాలు తాగి పండుకుంటే కదలడు బాపు. నువ్వుంటే ఆమె పాలియ్యదు. నేను తీస్త."

ఆయన చెంబు కింద పెట్టాడు.

"ఒక్కటే ఉన్నది బిడ్డా. చూసి తియ్యి," అని బయటి అరుగు మీద, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

తెల్లగుడ్డ తీసేసి మా ఇంట్లోని నల్లగొంగడి గోడకు కట్టాను. గొర్లకాడ కప్పుకునేది వెనక కడుతున్నవేందని అత్త ఎగతాళి చేసింది. నల్లటిదాని ముందు ముఖం తేటగా పడుతుందని చెప్పాను. వెలుతురు ఎక్కువ కావాల్సిన తల్లిని కిటికీ వైపుకు, పిల్లవాడిని నీడవైపుకు ఉండేలా కూర్చోబెట్టాను. తీసేసిన తెల్లగుడ్డను అత్త చేతికిచ్చి, కిటికీకి ఎదురుగా పట్టుకోమన్నాను. వెలుతురు దాని మీద పడి నీడవైపుకు మళ్ళింది. ఏమనుకుందో, ఆమె కొంగు నడుముకు చెక్కి గట్టిగా పట్టుకుంది.

పిల్లవాడు పాలు తాగాడు. తాగుతూనే నిద్రపోయాడు. కోడలు కొంగు సర్దుకుంది. వాడి తల ఆమె మోచేతి మీద ఒరిగి, చెవి నా వైపు తిరిగింది.

"అక్కా, నన్ను జూడు," అన్నాను.

ఆమె చూసింది. లెన్సు పూర్తిగా తెరిచి, మూత తీసి, పసుపు ముఖం తేటపడడానికి సరిపడా ఆగాను. మామూలుగా బాపు ఆగేదానికంటే చాలా ఎక్కువసేపు. అత్త కూడా ఊపిరి బిగబట్టింది.

ఆ రాత్రి వాళ్ళు సిద్దిపేటలోనే ఆగారు. మరునాడు పొద్దున ఎండలో కాగితం మీద అచ్చు తీశాం. గొంగడి ఎక్కడా కనబడదు, అంతా చీకటి. అందులోంచి ఆమె ముఖం, కొంచెం నలుపే, కానీ ఆమెదే. మోచేతి మీద మడతపడిన చెవి.

"కోడలు గూడ మంచిగనే వడ్డది," అన్నది అత్త.

అరుగు మీద బాపు ఉన్నాడు. కోడలు ఆయన్ని దాటుకుని నా దగ్గరికే వచ్చింది.

"బొంబాయి దాక పోవాలె గద చెల్లె. ఎండకు చెడిపోతదా?"

"చెడిపోదక్కా. మందు పోయేదాక మంచిగ కడిగిన," అన్నాను, అరుగు దాకా వినబడేలా.