జర సున్నం ఎక్కువెయ్యి

వనపర్తిలో నాతో గదిలో ఉండే స్నేహితుడు పెద్దవాళ్ల కోసం తీసిన కార్టూన్లు పెట్టి, శబ్దం తీసేసి, బొమ్మలకు తనే పాలమూరు మాటలు చెప్పేవాడు. దేవుణ్ణీ చావునూ వదలని ఆ వెటకారానికి ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్లం. "సిగ్గు లేనోళ్లే నిజం జెప్తరు రా" అనేవాడు.

దవాఖానలో మా నాయన, మాత్రలిస్తున్న నర్సు తమలపాకు చుడుతోందనుకుని, "జర సున్నం ఎక్కువెయ్యి బిడ్డా" అన్నాడు. అదే ఆఖరి మాట. ఏడుస్తూ ఆ స్నేహితుడొక్కడికే చెప్పుకున్నాను.

మొన్న గద్వాల బస్సులో పక్కాయన ఫోన్‌లో ఒక కార్టూన్ ముసలాయన పాడె మీంచి లేచి అదే మాట అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. గొంతు నా స్నేహితుడిది.

వెంటనే ఫోన్ చేశాను. "గది మా నాయిన మాట గదరా!"

"నీకు నవ్వొచ్చిందా లేదా, గది జెప్పు."

ఫోన్ పెట్టేశాను. బస్సులో అందరికంటే ముందు నవ్వింది నేనే.