పైఅర మీది పంతొమ్మిది సీసాలు

సీసాల అత్త ఒక చెంచాతో బుల్డోజరును ఆపింది. ఆపి ఊరుకుందా? దానికి గులాబికాయల షర్బతు పట్టించి, మూతి తుడిచి, వచ్చిన దారినే వెనక్కి తోలింది. నమ్మనివాళ్ళు మూతపడ్డ నూలుమిల్లు గోడ వెనక్కి వెళ్ళి చూసుకోవచ్చు. సగం దాకా వచ్చి సిగ్గుపడి వెనుదిరిగిన దాని అచ్చులు ఇంకా ఆ మట్టిలోనే ఉన్నాయి.

ఆ మిల్లులో ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళు కండెలు చుట్టింది. మరల మోతకి ఎడమచెవి పోయింది. అందుకని గుసగుసలాడినా నాలుగు వీధులకు వినబడుతుంది. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకున్న మేనకోడలు అత్తతో ఒక్క రహస్యమూ చెప్పదు. అంతకంటే మైకు అద్దెకు తెచ్చుకోవడం నయమంటుంది.

మిల్లులో ఒక పద్ధతి ఉండేది. చుట్టిన ప్రతి కండెలోనూ చీటీ పెట్టాలి: ఏ మిషను, ఏ రోజు, ఎవరి చెయ్యి. దారం తెగితే ఎవరిని తిట్టాలో తెలియాలి కదా! ఒకసారి మేస్త్రీ తన మరదలు పాడుచేసిన కండెల్లో అత్త పేరు రాసిపెట్టమన్నాడు. అత్త రాసింది. "మేస్త్రీ మరదలి చెయ్యి, మేస్త్రీ నోరు" అని రాసింది. మూడు నెలలు పళ్ళూడిన మిషను మీద కూర్చోబెట్టారు. కూర్చుంది. దాని మీదే అందరికంటే ఎక్కువ చుట్టి, చీటీల్లో తన పేరు రెండింతల అక్షరాలతో రాసింది.

మిల్లు మూసేసిన రోజున తక్కినవాళ్ళంతా ముందుగేటు దగ్గర కళ్ళు తుడుచుకుంటుంటే అత్త వెనకగేటులోంచి బయటికొచ్చింది. అక్కడ గోడకీ తుప్పుపట్టిన గూడ్సు పట్టాలకీ మధ్య సన్నటి కాలిదారి ఉంది. దాని పొడుగునా ఎవరూ నాటని, ఎవరూ నీళ్ళు పొయ్యని పొదలు. ముళ్ళ మధ్య నల్లపళ్ళు, గోడెక్కిన అడవి ద్రాక్ష, పూలు రాలిపోయిన అడవి గులాబీలకి ఎర్రెర్రటి కాయలు. ఆకురాలే కాలం. అత్త అన్నం డబ్బా ఖాళీ చేసి నింపుకుంది.

"ఇన్నాళ్ళూ వాళ్ళకి చుట్టిపెట్టాను. ఇక ఇది నాది," అంది.

ఆ ఏటినుంచి ప్రతి ఏడూ అదే పని. ఆవిడ లెక్క ఆవిడది: పైకొమ్మ పిట్టలకి, కిందికొమ్మ పాకేవాటికి, నడిమికొమ్మ నాకు. గులాబికాయలు తొలి చలి తగిలి మెత్తబడేదాకా ముట్టదు. కోసిన కాయలు తరిగి, ఉడికించి, మేనకోడలు కుట్టిచ్చిన రెండుపొరల గుడ్డలో వడకడుతుంది. ఒక్క పొర చాలదు, కాయలోపలి నూగు గొంతులో పడితే ఆ రోజంతా దగ్గుతో కాపురమే. తర్వాత జాముకని చక్కెర వేసి, పొయ్యి దగ్గరే నిలబడి, చెంచాతో నురగ తీస్తూ ఉంటుంది. చల్లటి స్టీలు పళ్ళెం మీద చుక్క వేసి వేలితో నెడితే ముడత పడాలి. పడకపోతే ఇంకో పావుగంట. ఆ పావుగంటలో ఇల్లు కూలినా అత్త కదలదని ప్రతీతి.

ఇక ద్రాక్షతో పొంగుపానీయం పెట్టిన ఏడు సంగతి చెప్పనే అక్కర్లేదు. బిరడా ఎగిరి గోడగడియారానికి తగిలింది. అప్పటినుంచి ఆ ఇంట్లో టైము ఊరికంటే ఐదు నిమిషాలు ముందు నడుస్తోంది. కుట్టడానికిచ్చిన బట్టలు చెప్పిన టైముకి ఇవ్వగలుగుతున్నదంటే ఆ బిరడా చలవేనని మేనకోడలు ఒప్పుకుంటుంది.

ప్రతి సీసాకీ చీటీ ఉండాల్సిందే. మిల్లు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఏ పొద, ఏ రోజు, ఎవరి చెయ్యి. ఆ రోజు దారినపోతూ ఓ గుప్పెడు కోసిచ్చినవాళ్ళు ఎవరైనా సరే, పోస్టుమానైనా, డ్యూటీ దిగిన నర్సైనా, చీటీ మీద సంతకం పెట్టి కదలాలి. తక్కిన సీసాలు ఇరుగుపొరుగు నాకేసినా, ఏడాదికొకటి మాత్రం మూత తియ్యకుండా వంటింటి పైఅర మీద పెడుతుంది. అలా పంతొమ్మిదయ్యాయి. "దుమ్ము దులపడానికి కూడా నన్ను అడగాలి," అని మేనకోడలికి ఆజ్ఞ.

కిందటేడు మిల్లు వెనకగేటుకి పురపాలక కార్యాలయం వాళ్ళ కాగితం వేలాడింది. "పదిహేనేళ్ళుగా ఎవరూ నడవని దారి. వచ్చే నెల ఒకటో తేదీన పిచ్చిపొదలు తొలగించి, లారీల షెడ్డు నిమిత్తం కంచె వేయబడును."

అత్త రెండుసార్లు చదివింది. "ఎవరూ నడవనిదా? అయితే ఇన్నాళ్ళూ నేను దయ్యాన్నా?"

ఉన్నపళంగా ఆఫీసుకి వెళ్ళింది. గుమాస్తా తలెత్తకుండా, "మీరు నడుస్తున్నారనడానికి రుజువేదమ్మా?" అన్నాడు.

"ఇవిగో, కాళ్ళు."

"కాళ్ళు ఫైల్లో పెట్టలేం కదమ్మా. కాగితం కావాలి."

ఇంటికొచ్చాక మేనకోడలు బతిమాలింది. "పోనీలే అత్తా. ఆఫీసుతో మనకెందుకు? బజార్లో పళ్ళు దొరకవా ఏంటి?"

"బజారు పళ్ళకి ముళ్ళుండవే. ఒక్క ముల్లైనా గుచ్చుకోకుండా వచ్చింది నా సీసాలోకి రాదు. ఉద్యోగం తీసుకున్నారు, పోనీలే అన్నాను. చెవి తీసుకున్నారు, పోనీలే అన్నాను. ఆ మాట నా దగ్గర అయిపోయింది."

ఒకటో తేదీకి ఇంకా నాలుగు రోజులుండగానే, ఒక ఉదయం కుట్టుమిషను దానంతటదే వణికింది. మేనకోడలు కిటికీలోంచి చూస్తే బుల్డోజరు మిల్లువైపు పోతోంది. వెనకాలే జీపులో ఇంజనీరు.

"అత్తా! వచ్చేశారు!"

అత్త పొయ్యి దగ్గర నురగ తీస్తోంది. చేతిలో చెంచా అలాగే ఉంది, కాళ్ళకి చెప్పుల్లేవు. పావుగంట ముడత సంగతి ఏమైందో ఏమో, మేనకోడలు గుమ్మం దాటేసరికే అత్త వీధి మలుపు తిరిగింది.

యంత్రం కాలిదారిలోకి దిగి, మొదటి నల్లపళ్ళ పొదను నలిపేసింది. అత్త ఎదురుగా నిలబడి చెంచా ఎత్తింది. యంత్రం దగ్గింది. వణికింది. ఆగింది! డ్రైవరు కిందికి దిగి తల గోక్కున్నాడు.

జీపులోంచి ఇంజనీరు వచ్చాడు. కుర్ర ఇంజనీరు, ఇస్త్రీ చొక్కా. "పక్కకి రండి పెద్దమ్మా. స్థలం మిల్లువాళ్ళది, వాళ్ళే సరేనన్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"ఒకటో తేదీ అని రాశారు. ఇవాళ ఒకటో తేదీయా?"

"తొందరగా అయిపోతే మంచిదేగా! అయినా ఏముందిక్కడ? ఈ పిచ్చికాయలేగా?" అంటూ గులాబికాయ ఒకటి తెంపి, గోటితో చీల్చి, వేళ్ళతో నలిపి పారేశాడు. ఎండకి చెమట పట్టిందని అదే చేత్తో మెడ తుడుచుకున్నాడు.

"అయ్యో, మెడకి తగలనీకు బాబూ, లోపల నూగుంటుంది," అంది అత్త. అనేసరికే ఆలస్యమైంది. ఇంజనీరు ఒక వేలితో గోక్కోవడం మొదలుపెట్టి, ఐదు వేళ్ళకి చేరి, చివరికి పటకారులా రెండు చేతులూ వాడాడు.

అత్త మేనకోడలివైపు తిరిగింది. "కాగితం కావాలన్నారుగా. పైఅర మీదివి దింపుకురా."

"అన్నీనా?"

"అన్నీ. ఒక్కటి పగిలినా ఇంటికి రాకు."

మేనకోడలు ఇంటికి పరుగెత్తింది. పంతొమ్మిదేళ్ళుగా ఊది కూడా ఎరగని సీసాలు. కత్తిరింపు ముక్కలు బుట్టనిండా కుక్కి, వాటి మధ్య సీసాలు పేర్చి, పసిబిడ్డని మోసినట్టు మోసుకొచ్చింది. దాహానికని షర్బతు సీసా కూడా సంకన పెట్టుకుంది. యంత్రం ముందుండే ఇనప పార మీద అత్త సీసాల్ని వరసగా నిలబెట్టింది. ఎండ తగిలి ఎర్రవి ఎర్రగా, నల్లవి ఊదాగా వెలిగాయి.

"చదువు బాబూ. గోక్కుంటూనే చదువు."

ఇంజనీరు చదివాడు. "విరిగిన స్తంభం పక్క పొద, వానపడ్డ మర్నాడు, పోస్టుమాన్ చెయ్యి." "మూడో మలుపు, బడిపంతులమ్మ, ఆవిడ చెల్లెలు." ప్రతి ఏడూ దారి, ప్రతి ఏడూ మనుషులు.

"ఇవి ఆఫీసు కాగితాలు కావు పెద్దమ్మా," అన్నాడు కానీ, గొంతులో ఇందాకటి ఇస్త్రీ లేదు.

"పదకొండోది చూడు."

పదకొండో సీసా మీద చీటీ తక్కినవాటికంటే పెద్దది. తొమ్మిదేళ్ళ కిందట దారి కొలవడానికొచ్చిన పాత సర్వేయరు ఓ గుప్పెడు కోసిచ్చి, సంతకం పెట్టమంటే అలవాటు కొద్దీ మొత్తం రాసేశాడు: "పైన పేర్కొన్న దారిన నడచివచ్చి, నా సమక్షమున కోయబడిన కాయలు." కింద హోదా, తేదీ. ఆ కింద, పాపం చెయ్యి ఊరుకోలేదు, సంచీలోంచి తీసి గుండ్రటి సీలు కూడా వేశాడు. జాము సీసా మీద ప్రభుత్వ ముద్ర.

ఇంజనీరు గోక్కోవడం ఆపాడు. "ఇది మా పెద్దాయన చేతిరాతే," అన్నాడు మెల్లగా. "నాకు పని నేర్పింది ఆయనే."

"అయితే ఆయన అబద్ధమా, మీ కాగితం అబద్ధమా?"

డ్రైవరు అప్పటికే షర్బతు మూడో గ్లాసులో ఉన్నాడు. "సార్, పెద్దాయన సీలుంటే మనం పొద మీద చెయ్యేస్తే బాగోదు," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

ఇంజనీరు నోటుబుక్కు తీసి "దారి వాడుకలో ఉన్నది, విచారణ అవసరం" అని రాసి, అత్త చూస్తుండగా సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి యంత్రం వెళ్ళిపోయింది. రెండు నెలలు విచారణ జరిగింది. పదకొండో సీసా ఆఫీసు బల్ల మీద కూర్చుని సాక్ష్యం చెప్పింది. చివరికి లారీల షెడ్డు గోడకి లోపలే కట్టాలని, దారీ పొదలూ అలాగే ఉండాలని తీర్పు వచ్చింది. పదకొండో సీసా మూత తియ్యకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

ఈ ఏడు పైఅర మీద ఇరవయ్యోది చేరింది. చీటీ మీద సంతకం ఇంజనీరుది. ఆదివారం వచ్చి, చేతులకి తొడుగులు వేసుకుని మరీ కోశాడు.

ఈ కథ వీధిలో ఎవరు చెప్పినా అత్త కుడిచెవి అటు తిప్పి చివరిదాకా వింటుంది. విని ఒకటే మాటంటుంది: "బుల్డోజరు డీజిలు అయిపోయి ఆగింది. షర్బతు తాగింది డ్రైవరు. పొయ్యి ఆపకుండా పరిగెత్తాను కాబట్టి ఆ పూట పాకమంతా మాడిపోయింది, గిన్నె ఇప్పటికీ తెల్లబడలేదు. అది మాత్రం ఎవరూ చెప్పరు."