నీ పనికి మనిషి

నా నోటికి అదుపు తక్కువ. మా వదిన ఈ మాట రోజుకి రెండుసార్లు అంటుంది, మా అమ్మ మూడుసార్లు. అలాంటి నా నోరు జన్మలో ఒక్కసారి పూర్తిగా మూతబడిపోయింది. ఉద్యోగం రాకపోతే మూతబడిందనుకునేరు. వచ్చిందండీ! వచ్చాకే మూతబడింది.

అది త్రాసులు తయారుచేసే కంపెనీ. దుకాణాల బల్లల మీద పెట్టే చిన్నవాటి నుంచి లారీని నిలబెట్టి తూచే వాటి దాకా చేస్తారు. ముందుగదిలో ఒక బల్ల, ఫోను, వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసే లావుపాటి రిజిస్టరు. గోడవారగా ఒక బెంచీ, దాని పక్కన మనిషి ఎక్కి నిలబడే తూకం యంత్రం. బల్ల వెనక కూర్చున్నావిడని అక్కడ అందరూ తూకమక్క అంటారు. యాభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. నేను వెళ్ళగానే పేరు రాసుకుని, తలెత్తకుండానే "ఎక్కు" అంది.

"ఎక్కడికండీ?"

"ఎడమ వైపుకొచ్చి మాట్లాడు తల్లీ, కుడి చెవి రిటైరైపోయింది. యంత్రం ఎక్కమంటున్నా. ఇంటర్వ్యూకొచ్చిన వాళ్ళందర్నీ ఎక్కిస్తాను. ముల్లు చూసే ఆ నిమిషం భయం మర్చిపోతారు."

ఎక్కాను. ముల్లు ఒక చోట నిలవకుండా కొట్టుకుంటోంది. "చూశావా, నీ కాళ్ళు వణుకుతున్నాయని అది ఊరంతా చాటేస్తోంది. యాభై నాలుగు. అందులో ఒక కిలో భయం" అంది. ఫక్కున నవ్వేశాను. అప్పటికి పదకొండు నెలలుగా నాకు పనిలేదు. ఎనిమిది చోట్ల కూర్చుని లేచాను. మా వదిన అయితే "కుర్చీలు అరగదీయడానికి వెళ్తోందమ్మా" అని పక్కింటావిడకి చెబుతుంటే నా చెవులతో నేనే విన్నాను. ఈ తొమ్మిదోది కూడా పోతే ఇంట్లో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పరిస్థితి. అయినా నవ్వాను.

లోపల ఎవరో ఉన్నారని ఆవిడ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టింది. తనూ వచ్చి పక్కన కూర్చుంది.

"ఆఖర్న మీరేమైనా అడగాలా అంటారు. ఏం అడుగుతావు?"

"ఏముంటుందండీ. ఇప్పటికి ఎనిమిది చోట్లకి వెళ్ళాను, ఏమీ లేదు సార్ అనే అంటాను."

"ఎనిమిది చోట్లా అదే అన్నావా? ఓసి నీ అమాయకత్వం! అడగందే అమ్మైనా పెట్టదంటారే, కంపెనీ పెడుతుందా? వాళ్ళు నిన్ను చూసుకుంటున్నప్పుడు నువ్వు వాళ్ళని చూసుకోవద్దూ?"

వేళ్ళు మడుస్తూ చెప్పింది. మొదటిది, నేను ఎవరి దగ్గర పని నేర్చుకోవాలి అని అడగాలట. "ఎవరూ చెప్పరు, మీరే చూసుకోండి అన్నారంటే, తప్పు జరిగినప్పుడు కూడా నువ్వే చూసుకోవాలి." ఇంకోటి, సాయంత్రం తాళం వేసేదెవరు అని. "ఎవరు ఆఖర్న ఉంటే వాళ్ళు అన్నారనుకో, ఆ ఆఖరి మనిషివి నువ్వే." నేను నవ్వుతుంటే ఆవిడ నవ్వలేదు. "అన్నిటికంటే ముఖ్యమైంది, ఆ కుర్చీలో ఇంతకు ముందున్న మనిషి ఎందుకు లేచింది అని అడుగు. జవాబు వినేలోపు మొహం చూడు. నోరు అబద్ధమాడినా మొహానికి అంత తొందరగా చేతకాదు."

"అదంత ముఖ్యమా అండీ?"

"నేను అడగలేదు కాబట్టి ముఖ్యం."

ఇరవై ఏళ్ళప్పుడు ఆవిడ ఇదే గదికి, ఇదే ఉద్యోగానికి వచ్చిందట. అప్పుడు ఈ బల్ల వెనక ఇంకొకావిడ ఉండేది. ఆవిడే దారి చూపించింది. బస్సులో చెదిరిపోయిన జుట్టు చూసి, తన తలలోంచి ఒక పిన్ను తీసి ఈవిడ జడకి పెట్టింది. వెళ్ళిరా, నీకే వస్తుంది అంది. నిజంగానే వచ్చింది. ఈవిడ గంతులేసుకుంటూ బయటికి వచ్చేసరికి, లోపలికి పిలిపించి ఆవిడకి చెప్పారు, ఇక రావద్దని. "ఆవిడ సొరుగు ఖాళీ చేసుకుంటుంటే నేను పక్కనే దిష్టిబొమ్మలా నిలబడ్డాను. పిన్ను తిరిగిచ్చేయాలని కూడా తోచలేదు. అప్పట్నుంచి వచ్చినవాళ్ళందరికీ నేర్పుతున్నా, అడిగి మరీ చేరండని. ముప్పై ఒక్కేళ్ళయింది."

"మరి ఇప్పుడీ ఉద్యోగం..." అన్నాను భయంభయంగా.

"ఛ, ఛ, ఇది అలాంటిది కాదు!" ఆవిడ మొహం వెలిగిపోయింది. "నాకు తోడు కావాలని ఆరేళ్ళుగా మొత్తుకుంటున్నా. ఈ చెవితో ఒక్కదాన్నే ఫోను, రిజిస్టరు రెండూ చూడలేకపోతున్నా. మొన్న చిన్నసారు పిలిచి, నీ పనికి ఒక మనిషిని తీసుకుంటున్నాం అన్నాడు. కాగల కార్యం గంధర్వులే తీర్చారనుకున్నా. గేటు మీద ప్రకటన చూశావు చూడు, నేనే టైపు చేశాను. అదిగో, నీ కుర్చీ."

బల్ల వెనక రెండో కుర్చీ ఉంది. బల్ల మీద సగం మేర శుభ్రంగా తుడిచి ఖాళీగా ఉంచింది. కుర్చీ మీద కొత్త దిండు. పాత చీర కొంగు చింపి, చుట్టూ కుచ్చులు పెట్టి స్వయంగా కుట్టిందట. "చెక్క కుర్చీ, రోజంతా కూర్చోవాలి కదా" అంది. పదకొండు నెలల్లో నా కోసం ఎవరైనా ఏదైనా సిద్ధం చేయడం అదే మొదటిసారి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచేది ఏముంది.

లోపల చిన్నసారు, అంటే యజమాని కొడుకు. మంచి మర్యాదస్తుడు. నా కాగితాలు చూశాడు, ఫోను ఎలా ఎత్తుతారో చేసి చూపించమన్నాడు, రెండు లెటర్లు టైపు చేయించాడు. ఆఖర్న పెన్ను మూత పెడుతూ "మీరేమైనా అడగాలా?" అన్నాడు.

గురువుకి తగ్గ శిష్యురాలిలా వెన్ను నిటారుగా పెట్టి అడిగాను. "నేను ఎవరి దగ్గర పని నేర్చుకోవాలి సార్?"

"బయట ఉందిగా ఆవిడ. రేపట్నుంచి పదిహేను రోజులు ఆవిడ దగ్గర నేర్చుకోండి."

నాకు పట్టరాని సంతోషం. ఉద్యోగం వచ్చేసినట్టే కదా! అక్కడితో ఆగి లేచి రావచ్చు. కానీ తూకమక్క ముఖ్యమైంది అని చెప్పిన ప్రశ్న అడగకుండా వెళ్తే ఆవిడ ఊరుకోదు. నవ్వుతూనే అడిగాను. "ఆ కుర్చీలో ఇంతకు ముందున్న మనిషి ఎందుకు లేచారు సార్?"

ఆయనా నవ్వాడు. "ఇంకా లేవలేదండీ. నెలాఖరుకి లేస్తుంది."

"ఎవరు సార్?"

"అదే, మిమ్మల్ని లోపలికి పంపిందే, ఆవిడే. చెవి వినబడక ఫోన్లు తప్పుతున్నాయి. ఒకటో తారీఖు నుంచి ఆ సీటు మీదే."

ఆయన ఇంకేదో సెలవుల గురించి చెబుతున్నాడు, నాకు పెదాలు కదలడమే కనబడుతోంది. ఆ దిండు, దాని కుచ్చులు కళ్ళ ముందు తిరుగుతున్నాయి.

"ఆవిడకి... తెలుసా సార్?"

"ఎందుకు తెలీదు? నీ పనికి మనిషిని తీసుకుంటున్నాం అని నేనే చెప్పాను. చాలా సంతోషించింది కూడా. ప్రకటన తనే టైపు చేసిచ్చింది."

అప్పుడర్థమైంది నాకు. నీ పనికి మనిషి! ఆయన అన్నదీ అదే మాట, ఆవిడ విన్నదీ అదే మాట. ఆవిడ ఎడమ చెవితో చక్కగానే వింది. ఆయన ఉద్దేశం నీ బదులు అని, ఆవిడ నీకు తోడుగా అనుకుంది. రెండింటికీ మన భాషలో ఒకే మాట ఉండటం ఏం ఖర్మో! అయ్యా, ఆవిడకి అర్థం కాలేదు అని చెప్పాలి కదా నేను? నోటికి అదుపు లేనిదాన్ని కదా? కుక్కిన పేనులా కూర్చుని, "థాంక్యూ సార్" అని లేచి వచ్చేశాను. ఇప్పటికీ ఆ థాంక్యూ గుర్తొస్తే నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

బయట తూకమక్క లేచి ఎదురొచ్చింది. "వచ్చిందా?"

తలూపాను.

"నాకు తెలుసు! ముల్లు చూసినప్పుడే అనుకున్నా. అడిగావా? ముఖ్యమైంది అడిగావా లేదా?"

"అడిగానండీ."

"ఏమన్నాడు? నాతోనే కదా పని, ముందెవరూ లేరన్నాడా?"

నేను నేల చూపులు చూస్తున్నాను. ఏదో ఒక అబద్ధం చెప్పాలి, నోరు తెరిచాను, మాట రాలేదు. తలెత్తాను. ఆవిడ నా మొహం చూస్తోంది. మొహానికి అబద్ధం చేతకాదని నాకు నేర్పింది ఈవిడే కదా!

"నేనా?" అంది.

అంత చిన్న మాట. నేను ఏడ్చేశాను. ఆవిడ ఏడవలేదు. వెనక్కి నడిచి నా కోసం వేసిన కుర్చీలో, ఆ దిండు మీద కూర్చుండిపోయింది. "నీ పనికి అన్నాడు" అని గొణిగింది. "నీ పనికి... నీ పనికి..." అలా ఐదారుసార్లు అనుకుంది. ఇంతలో ఫోను మోగింది. చెయ్యి దానంతటదే వెళ్ళి ఎత్తింది. "నమస్కారమండీ, చెప్పండి. మళ్ళీ ఒకసారి చెప్పండి. ఇదిగో, కలుపుతున్నాను" అని కలిపి, పెట్టేసింది. గొంతులో చిన్న వణుకు కూడా లేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

"నాకొద్దీ ఉద్యోగం అక్కయ్యా! ఇప్పుడే లోపలికెళ్ళి ఆయన మొహం మీదే చెప్పేస్తాను" అన్నాను.

"నోర్ముయ్." మొదటిసారి కసిరింది. "ఎవడడిగాడు నీ త్యాగం? నువ్వు కాకపోతే రేపు ఇంకొకతి వస్తుంది. అదీ యంత్రం ఎక్కి నవ్వుతుంది. దానికీ దిండు నేనే వెయ్యనా?"

లేచి చీర సర్దుకుని, తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. ఇంటర్వ్యూకొచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చోవడం నాకు కనబడింది. ముప్పై ఒక్కేళ్ళలో ఎంతమందిని ఆ కుర్చీలోకి పంపిందో, తను మాత్రం చేరిన రోజు తర్వాత అందులో కూర్చోలేదు.

"నన్నెప్పుడూ మీరేమైనా అడగాలా అని అడగలేదు బాబూ. ఇవాళ అడుగుతాను. నాకెప్పుడు చెబుదామనుకున్నారు?"

"అదేంటి, చెప్పాను కదా? ప్రకటన నువ్వే కదా టైపు చేశావు?"

"చేశాను. నన్ను తీసేసే కాగితాన్ని నా చేత్తోనే, తప్పుల్లేకుండా చేశాను. నేను అడిగింది అది కాదు."

చిన్నసారు తేలు కుట్టిన దొంగలా పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. తప్పు తెలిసింది పాపం, కానీ ఉండిపో అనే మాట మాత్రం రాలేదు. ఆవిడ ఆయన మొహం వంక కాసేపు చూసి, "సరే, తెలిసింది" అని లేచి వచ్చేసింది.

వచ్చి బల్ల సొరుగు లాగింది. పాత రబ్బరు స్టాంపుల వెనక నుంచి ఒక నల్లటి తలపిన్ను తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఆవిడ తెలిసే నాకిది పెట్టిందా, తెలియకా అని ఇన్నేళ్ళూ మథనపడ్డాను" అంది. "తన కుర్చీ పోతుందని తెలిసి కూడా నా జుట్టు సరిచేసిందంటే ఎంత మహాతల్లి అనుకుని, రోజూ మనసులో దణ్ణం పెట్టుకునేదాన్ని. అలా అనుకుంటే కాస్త నిద్రపట్టేది."

నేను ఆవిడ కుడి వైపున నిలబడి ఏదో అన్నాను. వినబడలేదు.

"ఇవాళ తెలిసింది అమ్మడూ. ఆవిడకీ తెలీదు."

పిన్ను మళ్ళీ సొరుగులోనే పెట్టింది. ఫోను మోగుతోంది. ఆవిడ దాన్ని నా వైపు జరిపింది. నేను చుట్టూ తిరిగి వచ్చి, కుర్చీ ఆవిడకి ఎడమ పక్కకి లాక్కుని, ఎత్తాను.